నిప్పుకు కవులున్నారు, పొగకు లేరు

తెలుగు సాహిత్యంలో నిప్పుకు ఉన్న మర్యాద పొగకు లేదు. దాశరథి తన తొలి సంపుటికి 'అగ్నిధార' అని పేరు పెట్టుకున్నారు. దిగంబర కవుల్లో ఒకరు ఏకంగా జ్వాలాముఖి అయిపోయారు. మంట, జ్వాల, నిప్పురవ్వ, నిప్పుకణిక – ఈ మాటల్ని తీసేస్తే మన అభ్యుదయ కవిత్వంలోనూ, విప్లవ కవిత్వంలోనూ సగం పేజీలు ఖాళీ అవుతాయి. మంట ఉన్నచోట పొగ కూడా ఉండాలి కదా! మరి ఇన్ని మంటల నుంచి లేచిన పొగంతా ఏమైపోయింది? దాన్ని పీల్చినవాళ్లు ఎవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. నేనుండేది సూర్యాపేటలో. చుట్టాలంతా కోదాడ, మిర్యాలగూడల చుట్టుపక్కల ఊళ్లలో. ఏప్రిల్ నడిమి నుంచి మే చివరిదాకా, యాసంగి కోతలయ్యాక, మా వైపు సాయంత్రాలకు ఒక వాసన ఉంటుంది. కాలిన వరిగడ్డి వాసన. ఆ నెలల్లో హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకి తెలుసు: మునగాల దాటాక ఎక్కడో ఒకచోట బస్సు అద్దాల ముందు తెల్లటి తెర దిగుతుంది. డ్రైవరు లైట్లు మార్చి మార్చి వేస్తాడు. ఎండాకాలంలో మంచేమిటని అడిగే కొత్తవాళ్లుంటారు. మాకు ఆ ప్రశ్న రాదు. రాకపోవడమే ఈ వ్యాసంలో నా ఫిర్యాదు.

మన ఆలోచనలో పొగ స్థానమేమిటో తెలుసుకోవాలంటే తర్కశాస్త్రం దాకా వెళ్లాలి. అన్నంభట్టు తెలుగువాడు, ఆయన రాసిన 'తర్కసంగ్రహం' ఇప్పటికీ న్యాయశాస్త్రం మొదలుపెట్టేవాళ్లకి తొలి పుస్తకం. అనుమాన ప్రమాణానికి అక్కడ చెప్పే ఉదాహరణ అందరికీ తెలిసిందే. కొండ మీద పొగ కనబడుతోంది, కాబట్టి కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులో లాగా. ఎంత చక్కటి ఉదాహరణో! కొండ, వంటిల్లు, చెరువు. ఒక పల్లెటూరు మొత్తం అందులో ఉంది. కానీ ఇందులో పొగ చేసే పని ఒక్కటే: నిప్పును చూపించి తప్పుకోవడం. అది సాక్షి. సాక్ష్యం చెప్పేశాక సాక్షి గోడు ఎవరికీ అక్కర్లేదు. కొండ మీద నిప్పుందని తేల్చుకున్న తార్కికుడు దగ్గుతున్నాడా లేదా అన్నది శాస్త్రంలో రాదు.

ఇదే తీరు సామెతలోకి దిగింది. నిప్పు లేనిదే పొగ రాదంటాం. అక్కడ పొగంటే పుకారు. ఎవరినైనా ఉద్యోగం నుంచో, ఇంట్లోంచో మెల్లగా సాగనంపే ప్రయత్నం చేస్తే పొగ పెడుతున్నారంటాం. అక్కడ పొగంటే కుట్ర. లోపల అసంతృప్తి రగులుతుంటే పొగ రాజుకుంటోందంటాం. అక్కడ పొగంటే రాబోయే తిరుగుబాటుకు ముందస్తు కబురు. గిరీశం చుట్ట దగ్గరికొస్తే పొగ ఒక షోకు, ఒక వాగ్ధాటి. ఇన్ని పొగల్లో ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ ఒక్కటి కూడా లేదు. మన భాషలో పొగ ఎప్పుడూ ఇంకోదాని కోసం నిలబడుతుంది. తన కోసం తాను నిలబడదు.

ఇప్పుడు మా పొలాల పొగ సంగతి. నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. ఆ వరి మీద మిర్యాలగూడలో మిల్లులు లేచాయి. ఉప్పుడు బియ్యానికి దేశమంతా తెలిసిన ఊరైంది. ఇదంతా మా ప్రాంతం గర్వంగా చెప్పుకునే కథ, చెప్పుకోవాల్సిన కథే. కాకపోతే కొడవలితో కోసినన్నాళ్లూ గడ్డి మొదలంటా వచ్చేది. కట్టలు కట్టి, వాములు వేసి, ఏడాది పొడుగునా గొడ్లకు పెట్టేవాళ్లు. కోత మిషన్ వచ్చాక అది గింజను తీసుకుని, జానెడు పైన కొయ్యల్ని నిలబెట్టి, గడ్డిని ముక్కలు చేసి వరసలుగా పారేసి పోతుంది. ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి. బర్రెలు తగ్గాయి. గడ్డికి తినే నోరు లేదు. ఊకకు మిల్లు బాయిలర్లో ధర ఉంది, తవుడుకు నూనె ఫ్యాక్టరీలో ధర ఉంది, గడ్డికి మాత్రం అడిగినవాడు దొరికితే ధర, దొరక్కపోతే అగ్గిపుల్ల.

మా పెద్దనాన్న మాటల్లో చెప్పాలంటే: "ఏంజెయ్యాలె బిడ్డా, కట్టలు కట్టే మిషనోడు నాలుగు రోజుల్లొస్తనంటడు, రాడు. దున్నుదమంటే రొటావేటరుకు సుట్టుకుంటది. కూలీలతోని ఏరిపిస్తే వడ్లమీద మిగిలింది దానికే పాయె. అగ్గిపెట్టె రెండు రూపాయలు."

వ్యవసాయ శాస్త్రజ్ఞులు తరచుగా చెప్పే లెక్క ఒకటుంది. ఒక టన్ను వరిగడ్డి తగలబెడితే 3 కిలోల సన్నధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 1460 కిలోల కార్బన్ డయాక్సైడ్, 199 కిలోల బూడిద తేలతాయి. నేలకు దక్కాల్సిన నత్రజని ఐదున్నర కిలోలు, పొటాష్ 25 కిలోలు పోతాయి. ఎకరానికి రెండు టన్నుల గడ్డి అనుకున్నా, ఒక రైతు ఒక సాయంత్రం తన పొలంలోంచి దాదాపు అర బస్తా యూరియా అంత నత్రజనితో పాటు, కొనుక్కోవాల్సి వచ్చేంత పొటాష్‌నే గాలికి పోగొట్టుకుంటున్నాడు. ఇక ఆ సన్నధూళిలో పీఎం 2.5 అనే రేణువులు తలవెంట్రుకలో ముప్పయ్యో వంతు మందం కూడా ఉండవు. ముక్కు వాటిని ఆపలేదు. వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. మన దేశపు హద్దు 60. ఊపిరితిత్తులు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. పైగా మావాళ్లు నిప్పు పెట్టేది పొద్దుగూకాక. ఎండలో పెడితే పక్క పొలాలకు పాకుతుందని భయం. రాత్రి నేల చల్లబడి, కిందిగాలి కదలకుండా కూర్చుంటుంది. పొగ పైకి పోదు. ఊరి మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

ఇంత జరుగుతుంటే మన రైతు సాహిత్యం ఏం చేస్తోంది? నేను చదివినంతలో రైతు కవిత్వానికి రెండు రైతులున్నారు. ఒకడు అన్నదాత. వాడు మోసపోతాడు, ఎండిపోతాడు, ఉరిపోసుకుంటాడు. వాడి చేతిలో ఎప్పుడూ నాగలే ఉంటుంది. ఆ నాగలి వాడి ఇంట్లోంచి పోయి పాతికేళ్లయిన సంగతి కవికి తెలియదు. రెండోవాడు వార్తల్లోనూ, అవగాహన సదస్సుల బ్యానర్లమీదా ఉంటాడు. వాడికి అవగాహన లేదు. భూసారం గురించి తెలియదు. వాడికి నేర్పాలి, లేకపోతే జరిమానా వెయ్యాలి. మొదటివాడు దేవుడు, రెండోవాడు నేరస్థుడు. నాకు తెలిసిన రైతు ఈ ఇద్దరిలో ఎవరూ కాడు. మా పెద్దనాన్న ఆ మే నెల సాయంత్రం అగ్గిపుల్ల గీసిన చేత్తోనే రాత్రి తలగడ కింద ఇన్‌హేలర్ వెతుక్కుంటాడు. ఆయనకు తెలియనిదేమీ లేదు. పొగకు ఆయాసం పెరుగుతుందని తెలుసు, గడ్డి తగలబడితే నేల గట్టిపడుతుందని తెలుసు, వానపాములు చస్తాయని తెలుసు. తెలిసి చేస్తాడు. తెలిసి చేసే మనిషిని అర్థం చేసుకోవడానికే కదా కథ అనే ప్రక్రియ ఉన్నది! అవగాహన లేనివాడి గురించి కరపత్రం చాలు.

ఈ ప్రాంతపు సాహిత్యం గొప్పదే. సూర్యాపేట, నల్లగొండ అనగానే తెలుగు పాఠకుడికి సాయుధ పోరాటం గుర్తొస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ఈ జిల్లావాడే. 1955లో వచ్చిన 'ప్రజల మనిషి' మా తరానికి కూడా పాఠమే. తర్వాత ఫ్లోరైడ్ వచ్చింది. వంగిన కాళ్ల మీద, గారపట్టిన పళ్ల మీద కవితలొచ్చాయి, కథలొచ్చాయి. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. నీటి జబ్బుకు మా జిల్లా పేరే పెట్టారన్నమాట. గాలి దగ్గరికొచ్చేసరికి 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు పక్కన నల్లగొండ పేరు కూడా ఉంది. ఆ మాట మా జిల్లా కవిసమ్మేళనాల్లో నేనింతవరకు వినలేదు.

ఎందుకిలా? అమితవ్ ఘోష్ 2016లో 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' రాసినప్పుడు దాదాపు ఇదే అడిగాడు. వాతావరణ సంక్షోభం నవలల్లోకి ఎందుకు రావడం లేదని. ఆయన జవాబు స్థూలంగా ఇది: ఆధునిక నవల నమ్మదగిన మామూలు జీవితం మీద నిలబడింది, నమ్మలేని ఉత్పాతాన్ని అది బయటికి నెట్టేస్తుంది. 1978లో ఢిల్లీలో తాను స్వయంగా చిక్కుకున్న సుడిగాలిని కూడా తన నవలలో పెట్టలేకపోయానన్నాడు. ఘోష్ మాట సుడిగాలికి సరిపోతుంది. మా పొగకు సరిపోదు. మాది నమ్మలేని సంగతి కాదు, మరీ నమ్మేసిన సంగతి. ఉగాది తర్వాత మామిడికాయలొచ్చినట్టు, మే నెలలో పెళ్లిళ్లొచ్చినట్టు పొగొస్తుంది. వింత కాదు కాబట్టి వార్త కాదు, వార్త కాదు కాబట్టి కథ కాదు.

ఇంకో కారణం, పొగకు తేదీ లేదు. 1977 నవంబర్ 19 అనగానే దివిసీమ ఉప్పెన గుర్తొస్తుంది. దాని మీద నగ్నముని 'కొయ్యగుర్రం' రాశారు. ఉప్పెనకు రాత్రి ఉంది, శవాలున్నాయి, లెక్క ఉంది. పొగ చంపేది ఏళ్ల తర్వాత, ఆసుపత్రి కాగితంలో ఇంకో జబ్బు పేరుతో. రాబ్ నిక్సన్ 2011లో ఇలాంటి నిదానపు హింస గురించి ఒక పుస్తకమే రాసి, దాన్ని చూపించడమెలా అన్నదే రచయితకు పరీక్ష అన్నాడు. ఆ పరీక్షకు మనం ఇంకా హాజరే వేయించుకోలేదు.

అలాగని మన సంప్రదాయంలో దారి లేదా అంటే, ఉంది. ఆంధ్రమహాభారతం ఆదిపర్వం చివర ఖాండవ దహనం చూడండి. మన తొలి కావ్యంలోనే కార్చిచ్చు ఉంది. అగ్నికి అజీర్తి చేసింది. అడవిని తింటేగానీ తగ్గదు. కృష్ణార్జునులు కాపలా కాస్తారు, తప్పించుకోబోయిన జీవాల్ని మళ్లీ మంటల్లోకే తోస్తారు. వీరగాథగా చదివితే అది గాండీవం దొరికిన సందర్భం, ఇంద్రప్రస్థానికి పునాది. కానీ కథ అక్కడితో ఆగదు. జరిత అనే ఆడపక్షి, ఇంకా రెక్కలు రాని నాలుగు పిల్లలతో ఆ అడవిలో చిక్కుకుంటుంది. తండ్రి మందపాలుడు దగ్గర లేడు. దగ్గరున్న ఎలుక కన్నంలో దాక్కోమంటుంది తల్లి. ఎలుక తినేస్తుంది, దానికన్నా కాలి చావడం నయమంటాయి పిల్లలు. మంట బయటినుంచి కాక లోపలినుంచి చూసిన ఘట్టమిది. కాల్చినవాడికి ధర్మసూక్ష్మాలున్నాయి, కాలబోయేవాళ్లకి మిగిలింది ఏ చావు నయమో ఎంచుకోవడం. మన విమర్శకులు ఖాండవ దహనాన్ని అడవుల నరికివేతకు ప్రతీకగా, ఆదివాసుల మీద దాడికి ప్రతీకగా చదివారు. ఆ చదువు సబబే. నాకు మాత్రం జరిత మాటలే ఎక్కువ పనికొచ్చేవిగా కనబడతాయి. వరి కోశాక పొలంలో ఉండే ఎలుకలు, పాములు, బెగ్గురు పిట్టలు, గట్టు మీది ముంగిస – వీటివైపు నుంచి మా మే నెలను రాసినవాళ్లు లేరు.

రెండో దారి వంటింట్లోంచి ఉంది. తార్కికుడు దృష్టాంతంగా వాడుకుని వదిలేసిన వంటింట్లోకి స్త్రీవాద కవులు తిరిగి వెళ్లారు. విమల 'వంటిల్లు' తర్వాత తెలుగులో వంటగది అమాయకమైన చోటుగా మిగల్లేదు. పుల్లల పొయ్యి ముందు గొట్టంతో ఊదీ ఊదీ ఎర్రబడిన కళ్లు మన అమ్మలవని, ఆ పొగ ప్రేమకు గుర్తు కాదని, అదొక చాకిరీ అని సాహిత్యం ఒప్పుకున్నాకే చాలామంది మగవాళ్లు ఒప్పుకున్నారు. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. కవిత్వం వల్ల గ్యాస్ వచ్చిందని నేననను. కానీ ఇంటిపొగ ఒక సమస్య అని చెప్పడానికి మాటలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పొలం పొగకు ఆ మాటలింకా తయారు కాలేదు. ఇంటి పొగలో పీల్చేది ఒకరు, పొయ్యి మీద వండింది తినేది మరొకరు కాబట్టి ఎవరివైపు నిలబడాలో కవికి స్పష్టంగా తెలిసింది. పొలం పొగలో అంటించేదీ పీల్చేదీ ఒకే మనిషి. కష్టమంతా అక్కడుంది.

ఇక మన పిల్లలున్న దేశం. నా మేనకోడలు కొలరాడోలో, డెన్వర్ దగ్గర ఉంటుంది. కోదాడ నుంచి వెళ్లిన పిల్ల. 2021 ఆగస్టు 7న ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిట్లోకి డెన్వర్ గాలే అధ్వానమని లెక్క తేలిన రోజున ఫోన్ చేసింది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కుకున్నారట, పిల్లాణ్ని బడికాదు కదా వరండాలోకి కూడా పంపలేదట. "మంట ఎక్కడమ్మా?" అంటే, "ఇక్కడేం లేదు మామయ్యా, కాలిఫోర్నియాలో" అంది. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. అన్నంభట్టు ఉదాహరణ అక్కడ తల్లకిందులైంది. రాకీ కొండలున్నాయి, పొగ ఉంది, ఆ కొండ మీద నిప్పు లేదు. మా దగ్గర ఇంకో రకంగా తల్లకిందులైంది. నిప్పు కళ్లెదురుగా ఉంది, ఎవరి పొలమో తెలుసు, అయినా పొగ గురించి అనుమానం గానీ, ప్రత్యక్షం గానీ, శబ్దం గానీ ఏ ప్రమాణమూ పనిచేయడం లేదు.

ఆ పిల్ల మాట మీద నేను అమెరికన్ పడమటి కొండల మంటల గురించి రాసినవి వెతుక్కుని చదివాను. నార్మన్ మెక్లీన్ 'యంగ్ మెన్ అండ్ ఫైర్' వాటిలో గొప్పది. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ అనే లోయలో 13 మంది అగ్నిమాపక యువకులు చనిపోయారు. మెక్లీన్ తన ముసలితనమంతా ఆ కొన్ని నిమిషాల్లో ఏం జరిగిందో తేల్చడానికే ఖర్చుపెట్టాడు. ఆయన పోయాక 1992లో పుస్తకం వచ్చింది. అందులో ఒక సంగతి మా రైతులకు వెంటనే అర్థమవుతుంది. వెనక మంట తరుముకొస్తుంటే ఆ దళం నాయకుడు ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, ఆ కాలిన నేలమీద బోర్లా పడుకుని బతికాడు. మిగతావాళ్లకి అది పిచ్చిపనిగా కనిపించింది, అందులోకి వెళ్లలేదు. బతకడానికే నిప్పు పెట్టే మనిషిని మెక్లీన్ దేవుణ్ని చేయలేదు, దోషినీ చేయలేదు. గడ్డి ఎత్తు, వాలు, గాలి వేగం, పరుగు వేగం లెక్కగట్టి, ఆ మనిషి పక్కన నిలబడ్డాడు. లెక్కలు రాస్తూనే దుఃఖపడటం సాధ్యమని ఆ పుస్తకం చూపించింది. మన దగ్గర లెక్కలు వ్యవసాయ శాఖ దగ్గర, దుఃఖం కవుల దగ్గర వేర్వేరుగా ఉన్నాయి.

మన డయాస్పోరా కథలకు ఈ సామగ్రి చేతికందే దూరంలో ఉంది. వీసా బెంగ, అమ్మానాన్నల ఒంటరితనం, పిల్లల తెలుగు – ఈ మూడింటి చుట్టూ తిరిగే కథలు చాలానే చదివాం. కొలరాడోలో తడిగుడ్డలు కుక్కుతున్న ఆడపిల్ల, కోదాడలో తలుపులేసుకుని ఫ్యాను కింద కూచున్న ఆమె తల్లి, వీడియో కాల్లో ఇద్దరూ దగ్గుతున్నారు. ఒకరి ఫోన్లో గాలి నాణ్యత అంకె ఉంది, బడి నుంచి మెసేజ్ ఉంది, గాలి శుద్ధిచేసే యంత్రం ఉంది. ఇంకొకరికి కొంగు ఉంది. ఈ తేడా మీద కథ రాయకపోతే అంతర్జాతీయ తెలుగు కథ అని మనం దేన్నంటున్నట్టు?

ఒక అభ్యంతరం నాకు తెలుసు. ఇది కాలుష్య నియంత్రణ మండలి పని, సాహిత్యానికెందుకని. నిజానికి నాకు నినాద కవిత్వం అక్కర్లేదు. 'గడ్డి తగలబెట్టకు రైతన్నా' అని పాట రాస్తే అది మరో బ్యానరవుతుంది. చట్టం ఎలాగూ ఉంది. 1981 వాయు చట్టం తగలబెట్టడాన్ని నిషేధించే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. పంజాబ్ అనుభవం చూస్తే చట్టం ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. అక్కడ 2009లో భూగర్భజలం కాపాడాలని నాట్లు ఆలస్యం చేయించారు, దాంతో కోతకూ గోధుమ విత్తుకూ మధ్య గడువు కుదించుకుపోయింది, పొగ పెరిగింది. నీళ్లు కాపాడబోతే గాలి పోయింది. మా దగ్గర అంత తొందర లేదు. యాసంగి కోతకూ వానాకాలం నాట్లకూ మధ్య వారాల వ్యవధి ఉంటుంది. అయినా తగలబెడుతున్నామంటే కారణం గడువు కాదు, గడ్డికి విలువ పోవడం. గొడ్లు పోయిన దొడ్డి. ఇది చట్టానికి అందని సంగతి, కథకు మాత్రమే అందే సంగతి.

మా వైపు 'దమ్ము' అనే మాటకు మూడర్థాలున్నాయి. నాటు ముందు పొలాన్ని నీళ్లలో కలియదున్నడం దమ్ము. ధైర్యం దమ్ము. ఊపిరాడని జబ్బు కూడా దమ్మే. ఒకే మాటలో పొలం, మనిషి, రోగం ఇమిడి ఉన్న భాషలో పొగ గురించి రాయడానికి మాటలు కరువనడం కుదరదు. నాకు కావలసింది ఒక చిన్న కథ. అందులో విలన్ ఉండకూడదు. ఎడమ కాలువ కింది ఊరొకటి ఉండాలి. కోత మిషన్ గంట కిరాయి ఎంతో, గడ్డి కట్టకు ఎంతిస్తారో రచయితకు తెలిసి ఉండాలి. అగ్గిపుల్ల గీసే మనిషి చేతిని దగ్గరగా చూడాలి. ఆ తర్వాత మంట వెంట పోకుండా, అందరూ ఇళ్లకు పోయాక పొలం మీద మిగిలిన పొగతో పాటు ఊళ్లోకి నడిచిరావాలి. ఏ ఇంటి కిటికీలోంచి లోపలికి పోయిందో, ఎవరు లేచి కూర్చున్నారో చూసి రాయాలి. ఈ వేసవి కోతలకు ఇంకా టైముంది. రాసేవాళ్లెవరైనా వస్తానంటే మునగాల దగ్గర బస్సు దిగమనండి, మిగతా దారి వాసనే చెబుతుంది.